కవరుకి మూడేసి

జూలై 4

పెద్దమ్మ ఇంటికి వచ్చి పదకొండు రోజులు. ఎవరూ ఏమీ అడగలేదు. అమ్మ ఫోనులో అన్నీ చెప్పే ఉంటుంది. టీచరుగా చేరిన స్కూల్లో నలభై మంది పిల్లల ముందు నిలబడితే గొంతు రాలేదని, నాలుగు రోజులు పాఠం మొత్తం బోర్డు మీద రాసి గడిపానని, ఐదో రోజు సుద్దముక్క బల్ల మీద పెట్టి వచ్చేశానని.

పెదనాన్న నాకు ‘రేడియో’ అని పేరు పెట్టాడు. పొద్దున టిఫిన్ దగ్గర, “ఇవాళ రేడియోలో విశేషాలేమిటి?” అంటాడు. నేను నవ్వుతాను. “ప్రసారంలో అంతరాయం” అని ఆయనే జవాబు చెప్పుకుంటాడు.

పెద్దమ్మకి ఓపిక తక్కువ. “నోరు తెరిస్తే ముత్యాలు రాలిపోతాయా?” అంటుంది.

కాన్వెంటులో సిస్టర్ రోజూ మూడు వాక్యాలు రాయమనేది. ఏం చేశాను, ఏం చెయ్యాల్సింది, రేపు ఏం చేస్తాను. మళ్ళీ మొదలుపెడుతున్నాను.

మొక్కలకి నీళ్ళు పోశాను. పెదనాన్నకి ఏదో ఒకటి జవాబు చెప్పాల్సింది. రేపు చెబుతాను.

జూలై 5

చెప్పలేదు.

జూలై 7

ఇంటి వెనక పెద్దమ్మ నర్సరీ. ఆకుపచ్చ వల కప్పిన షెడ్లు రెండు, నీళ్ళ తొట్టి, కుళాయి పక్కన పెద్ద ఫెర్న్ కుండీ. ఇక్కడ నా పని నీళ్ళు పొయ్యడం, పేర్ల చీటీలు రాయడం. నా చేతిరాత పెద్దమ్మకి నచ్చింది.

మట్టి పని అంతా మట్టి అక్కది. ఆమెని అందరూ అలాగే పిలుస్తారు. పద్నాలుగేళ్ళుగా ఇక్కడ మట్టి జల్లించి, ఎరువు కలిపి, నల్ల పాలిథిన్ కవర్లలో నింపుతోంది. జల్లెడ ఆమె సొంతం. సాయంత్రం ఇంటికి తీసుకుపోతుంది, పొద్దున తెస్తుంది.

“ఇక్కడే పెట్టొచ్చుగా అక్కా” అన్నాను. నా అంతట నేను ఆమెతో అన్న మొదటి మాట.

“నీ కళ్ళజోడు ఇక్కడ పెట్టి వెళ్తావా?” అంది.

ఒక స్కూలు తోటకి నూట ఇరవై కవర్ల జీనియా పూలమొక్కలు కావాలట. ఈ నెలాఖరుకి ఇవ్వాలి. నారు నాటడం అయిపోయింది. ఇప్పుడు ఎరువు గుళికలు వెయ్యాలి. మందుల మాత్రల కన్నా చిన్నవి, గుండ్రంగా, లేత పసుపుగా ఉంటాయి. నెమ్మదిగా కరుగుతాయి. అక్క వేలి మొదటి కణుపు దాకా మట్టిలో గుచ్చి ఒక్కొక్కటీ జారవిడుస్తుంది.

“కవరుకి మూడు. నాలుగోది వేస్తే మొక్కకి అజీర్తి.”

తొంభై కవర్లు అయ్యేసరికి వాన పట్టుకుంది. మిగతా ముప్పై రేపు చూద్దామని, జల్లెడ నెత్తిన పెట్టుకుని పరిగెత్తింది.

జూలై 8

ఈరోజు ఒక మంచిపని చేశాను. ఎవరికీ తెలియదు. అందుకే ఇక్కడ రాస్తున్నాను.

పొద్దున్నే ఫెర్న్ కుండీలో రాలిన ఆకులు ఏరుతుంటే మట్టిలో గుళికల కుప్ప కనిపించింది. అన్నీ ఒకేచోట. నిన్న వానకి పరిగెత్తేటప్పుడు అక్క మిగిలినవి ఇందులో గుమ్మరించి పోయిందన్నమాట. పెద్దమ్మ చూస్తే ఊరుకోదు. ఎరువు ఒలికితే ఆవిడ ప్రాణం పోయినంత చేస్తుంది.

ఏరి లెక్కపెట్టాను. తొంభై ఒకటి.

ముప్పై కవర్లు, మూడేసి. తొంభై. లెక్క సరిపోయింది. సరిపోయినప్పుడు ఎంత హాయిగా ఉంటుందో.

కొంచెం మెత్తగా అనిపించాయి, పసుపు కూడా పోయి తెల్లబడ్డాయి. రాత్రంతా తడిలో ఉన్నాయి కదా. అక్క చూపించినట్టే కణుపు లోతున గుచ్చి కవరుకి మూడేసి వేశాను. మిగిలిన ఒక్కదాన్ని నా కిటికీలో గాజు సీసాలో మట్టి పోసి పెంచుతున్న తీగకి వేశాను. సీసా గోడ పక్కనే దిగింది. బయటికి కనిపిస్తోంది, ముత్యంలా.

అక్క వచ్చి గుళికల డబ్బా అందుకోబోతుంటే, “ఆ ముప్పైకీ అయిపోయింది” అన్నాను.

“నువ్వు వేశావా? మూడేసేనా?”

తలూపాను.

“నా బంగారం. నడుం వంచే పని తప్పించావు” అంది.

కుప్ప సంగతి ఆమె ఎత్తలేదు. సిగ్గుపడిందేమో. నేనూ ఎత్తలేదు. ఒకరి తప్పుని చప్పుడు చెయ్యకుండా సర్దడం కూడా ఒక మర్యాద. సిస్టర్ ఉంటే మెచ్చుకునేది.

జూలై 12

పెద్ద వాన. చదువుకున్నాను.

జూలై 15

అక్క భోజనం దగ్గర నాకు సగం జామకాయ ఇచ్చింది. ఆమె పొరపాటు నాకు తెలుసని ఆమెకి తెలియదు. ఆమెని చూస్తే కాస్త జాలి, కాస్త గర్వం. ఈ వాక్యం కొట్టెయ్యాలి. కొట్టెయ్యను.

జూలై 19

సీసాలో గుళిక మారింది.

సాయంత్రం ఎండ సీసాలోంచి పడుతుంటే చూశాను. గుళిక లోపల చిన్న మచ్చ. గోరంత కూడా కాదు, సూదిమొనంత. సుడి తిరిగి ఉంది.

ఎరువుకి సుడి ఎందుకుంటుంది?

జూలై 19, తర్వాత

ముందు గదిలో అలమరలో తోటల పురుగుల మీద ఒక పాత పుస్తకం ఉంది. అట్ట లేదు. డెబ్భై మూడో పేజీ.

నత్తగుడ్లు తడి మట్టిలో, కుండీల అడుగున, రాళ్ళ కింద ఉంటాయి. కుప్పగా, ఒకేచోట. తెల్లగా, గుండ్రంగా, తడిగా మెరుస్తూ. నొక్కితే కొంచెం లొంగుతాయి. ఎరువు గుళికలైతే మట్టిలో చెదురుగా ఉంటాయి, గట్టిగా ఉంటాయి. ముదిరిన గుడ్డుని వెలుతురుకి పట్టి చూస్తే లోపల గుల్ల కనిపిస్తుంది. రెండు మూడు వారాల్లో పిల్లలు బయటికి వస్తాయి. పుట్టిన రోజు నుంచే లేత ఆకులు తింటాయి.

కుప్పగా, ఒకేచోట. ఆ మాట కింద ఎవరో ఎప్పుడో పెన్సిల్‌తో గీత గీశారు.

పుస్తకంలో బొమ్మ సరిగ్గా లేదు. నలుపూ తెలుపూ. దాన్నిబట్టి గట్టిగా ఏమీ చెప్పలేం.

జూలై 20

గట్టిగా చెప్పొచ్చు. గుళికల డబ్బా తెరిచి ఒకటి నొక్కి చూశాను. గోరు నొప్పి పుట్టింది. సీసాలోది తీసి నొక్కాను. చిట్లింది.

పెద్దమ్మ బయటికి వెళ్ళిన రెండు గంటల్లో ముప్పై కవర్లూ వెతికాను. చెంచాతో తవ్వడం, వేళ్ళతో నలపడం, మళ్ళీ మట్టి కప్పడం. వేళ్ళు ఉబ్బి మడతలు పడ్డాయి. యాభై ఎనిమిది దొరికాయి. చెత్తబుట్టలో వేస్తే అక్కడే పిల్లలవుతాయట, మురుగు కాలవలో పోసినా అంతే. పుస్తకంలో చెప్పినట్టు బకెట్లో వేసి మరిగే నీళ్ళు పోశాను. తెల్లగా తేలాయి. చూడకుండా ఉండలేకపోయాను.

పెద్దమ్మ తిరిగొచ్చి, “ఏం చేస్తున్నావు?” అంది.

“కలుపు తీస్తున్నాను.”

“శుభం. ఇన్నాళ్ళకి చేతికి పని దొరికింది.”

జూలై 21

ఇంకో తొమ్మిది. మొత్తం అరవై ఏడు. ఇరవై మూడు తక్కువ.

అన్నీ పిల్లలు కావని పుస్తకంలో ఉంది.

పుస్తకంలో అలా లేదు. నేను అనుకున్నాను.

జూలై 23

అక్క ఆ వరస దగ్గర కూర్చుని మట్టి తట్టి చూస్తోంది.

“ఎవరో కెలికారు. మొక్కల వేళ్ళు కదిలిపోయాయి. ఎలుకంటావా?”

“ఎలుకేమో.”

“ఎలుకకి చెంచా ఎక్కడిది?” అని నవ్వింది. మట్టి మీద చెంచా గాట్లున్నాయి. కానీ ఆమె సరదాకే అంది. వేళ్ళతో మట్టి అదిమి, ఒక్కో మొక్కనీ నిలబెట్టింది. ముప్పై కవర్లూ. నడుం వంచి.

అప్పుడు చెప్పి ఉండొచ్చు. ఆమె ఒక్కతే ఉంది. వినే మనిషి కూడా.

ఏం చేశాను: నీళ్ళు పట్టుకొచ్చి ఇచ్చాను.

జూలై 26

నూట ఇరవై కవర్లూ ట్రాలీ ఆటో ఎక్కాయి. చీటీలన్నీ నా చేతిరాతే. ఆకులు బాగానే ఉన్నాయి. రెండు మొక్కలకి మాత్రం అంచున చిన్న కొరుకుడు. నేను చూశాను. ఆటో అతను తాడు కట్టడానికి పావుగంట పట్టింది. పావుగంట చాలా ఎక్కువ సమయం.

జూలై 30

ఏమీ వినలేదు. ఏమీ జరగలేదేమో.

ఆగస్టు 3

స్కూలు తోట మాస్టారు వచ్చారు. చేతిలో ఒక పిల్లవాడి జామెట్రీ బాక్సు.

మూత తెరిచి నర్సరీ బల్ల మీద పెట్టారు. లోపల ఆకు ముక్క మీద ఏడు నత్త పిల్లలు. కందిగింజంత. గుల్ల ఇంకా పల్చగా ఉంది, లోపలిది కనిపిస్తోంది.

“పిల్లలు వీటికి పేర్లు కూడా పెట్టుకున్నారండీ” అన్నారు. కోపంగా అనలేదు. అదే ఇంకా కష్టంగా ఉంది. “జీనియా మొత్తం జల్లెడైపోయింది. పక్క మడిలో పాలకూర వేశాం, దాన్నీ పట్టాయి. మీ మట్టిలోంచే వచ్చాయి. కవర్లు చింపి చూస్తే గుడ్డు పెంకులు కనిపించాయి.”

పెద్దమ్మ ముఖం పాలిపోయింది. ఇరవై ఏళ్ళలో ఒక్క మొక్క వెనక్కి రాలేదని ఆవిడ అందరికీ చెప్పుకుంటుంది.

ఆయన వెళ్ళాక అక్కని పిలిచింది.

“జల్లించకుండా నింపావా?”

“నేనా? జల్లించకుండా గుప్పెడు మట్టి కూడా వెయ్యనని మీకు తెలీదా అమ్మా?”

“మట్టిలోంచి కాకపోతే ఆకాశంలోంచి రాలాయా?”

“నా జల్లెడ కన్నం చూడండి. ఆవగింజ దిగుతుంది, ఇంత గుడ్డు దిగదు.”

“పడితేగా దిగేది! వానాకాలం, తడి మట్టి జల్లెడలో ఆడదు, విసుగేసి అలాగే నింపేసి ఉంటావు.”

“అమ్మా, పద్నాలుగేళ్ళు.”

“పద్నాలుగేళ్ళ నమ్మకం కాబట్టే నేను చూడ్డం మానేశాను. అదే నా తప్పు.” అని నా వైపు తిరిగింది. “నువ్వు రోజూ ఇక్కడే ఉన్నావుగా. ఆవిడ జల్లిస్తోందా లేదా?”

నా చేతిలో నీళ్ళ డబ్బా. అక్క నా వైపు చూసింది. ఆ చూపులో భయం లేదు. నేను ఉన్నాను కదా అని ధైర్యం.

“రోజూ చూడలేదు” అన్నాను.

ఆగస్టు 4

అది అబద్ధం కాదు. జూన్ చివర రెండు రోజులు నాకు జ్వరం. ఆ రెండు రోజులూ చూడలేదు.

ఆగస్టు 4, తర్వాత

అక్క రాలేదు. రావద్దని పెద్దమ్మ నిన్ననే చెప్పేసిందట. జల్లెడ ఎలాగూ ఆమెదే. వదిలి వెళ్ళింది ఏమీ లేదు.

ఆగస్టు 5

రోజూ చూడలేదు. రోజూ చూడలేదు. ఎంత చక్కటి వాక్యం. వ్యాకరణ దోషం కూడా లేదు.

ఆగస్టు 8

ఫెర్న్ కుండీ ఎత్తి చూశాను. అడుగున తల్లి నత్త. నా పిడికిలంత. పక్కనే ఇంకో కుప్ప, కొత్తది.

ఈ కుండీ పెదనాన్న స్నేహితుడు ఇల్లు మారుతూ ఇచ్చిపోయాడట. మే నెలలో. అంటే అసలు తప్పు ఆయనది. లేదా ఫెర్న్‌ది. లేదా వానది. చాలామంది ఉన్నారు. అందరినీ వరసగా నిలబెడితే నేను చివర ఎక్కడో ఉంటాను.

కుప్ప మొత్తం తీసి మరిగే నీళ్ళలో వేశాను. తల్లిని కూడా. కుండీలో మట్టి అంతా రేకు మీద ఎండలో పరిచాను.

ఆగస్టు 11

తెల్లవారుజామున లేచి షెడ్లలో తిరుగుతున్నాను. రాత్రి తడి చెక్కలు పరిస్తే పొద్దునకి నత్తలు వాటి కిందకి చేరతాయి. చెక్క తిప్పి ఏరుకోవడమే. రబ్బరు తొడుగులు, బకెట్, వేడినీళ్ళు. మొదటిరోజు పద్నాలుగు. ఇవాళ ఐదు. కొన్ని నా చీటీల మీద పాకాయి. సిరా చెరిగి ‘జీనియా’లో ‘జీ’ పోయింది.

పెద్దమ్మ పెదనాన్నతో అంటుంటే విన్నాను. “ఈ పిల్ల లేకపోతే నర్సరీ గంగలో కలిసేది. ఆ చదువు ఎందుకూ పనికిరాదనుకున్నాను. పుస్తకం చూసి అన్నీ పట్టేసింది.”

భోజనం దగ్గర నా కంచంలో పెరుగు మీగడ ఎక్కువ వేసింది.

తిన్నాను.

ఆగస్టు 13

పెదనాన్న బస్టాండు వైపు వెళ్ళొచ్చాడు. చొక్కా విప్పుతూ, “మట్టి అక్క కనిపించింది” అన్నాడు. “బస్టాండు పక్క నర్సరీలో పని అడిగిందట. వాళ్ళు వద్దన్నారట. ‘నత్తల్ని తెచ్చే ఆవిడ కదూ’ అన్నారట. ఈ మొక్కలవాళ్ళంతా ఒక్క బడిలో చదివినట్టే, ఒకడికి తెలిస్తే అందరికీ తెలుస్తుంది.”

“నేనేం దండోరా వెయ్యలేదు” అంది పెద్దమ్మ. “స్కూలు మాస్టారికి చెప్పాను, మనిషిని మార్చానని. అంతే.”

“ఏం చేస్తోందట ఇప్పుడు?” అన్నాను.

ఇద్దరూ నా వైపు తిరిగారు. పెదనాన్న కళ్ళు పెద్దవి చేసి, “రేడియో మోగింది!” అన్నాడు. తర్వాత నా ముఖం చూసి నవ్వడం మానేశాడు. “ఏదో కట్టడం దగ్గర ఇసుక మోస్తోందట. అదే జల్లెడతో ఇసుక జల్లిస్తోంది.”

ఆగస్టు 14

రేపు చెబుతాను.

ఆగస్టు 15

రేపు.

ఆగస్టు 16

పెద్దమ్మకి చెప్పాను. ఆవిడ చీటీలు కత్తిరిస్తోంది. నేను గుమ్మంలో నిలబడి, మొత్తం ఒక్క ఊపిరిలో చెప్పేశాను. గుళికలనుకున్నానని, తొంభై ఒకటని, మూడేసి వేశానని, తర్వాత తెలిసిందని, వెతికానని, మొత్తం దొరకలేదని, ఆటో వెళ్ళేటప్పుడు కూడా తెలుసని.

కత్తెర ఆగింది.

“నత్తగుడ్లని కవరుకి మూడేసి నాటావు.”

“ఊఁ.”

“నారు నాటినట్టు.”

“ఊఁ.”

“ఎన్నాళ్ళయింది నీకు తెలిసి?”

“నెల అవుతోంది.”

కత్తెర బల్ల మీద పెట్టింది. “అడిగాను కదే నిన్ను. అందరి ముందూ అడిగాను.”

నేను నేలకేసి చూశాను.

“ఇప్పుడు నన్నేం చెయ్యమంటావు? మాస్టారు దగ్గరికి పోయి, మా పనిమనిషి కాదండీ, మా చెల్లెలి పిల్లే పెట్టింది, చదువుకున్న పిల్ల, అని చెప్పనా? ఉన్న ఆ కాస్త పేరూ పోతుంది. ఆవిడకేదో నేను చూస్తాలే. నాలుగు రోజులు పోనీ. అప్పటిదాకా నోరు మూసుకుని ఉండు.” కత్తెర మళ్ళీ తీసుకుంది. “నీకు అలవాటేగా.”

ఆగస్టు 17

ఎవరికి చెబితే తేలికో వాళ్ళకి చెప్పాను. అది కూడా తప్పించుకోవడమే.

ఆగస్టు 18

మట్టి అక్క ఇంటికి వెళ్ళాను. దారి పెదనాన్న చెప్పాడు. ఎందుకని అడగలేదు.

ఒక్క గది ఇల్లు. గుమ్మం పక్కన పెయింటు డబ్బాల్లో మొక్కలు, ఒక్క ఆకుకీ కన్నం లేదు. అక్క అప్పుడే పని నుంచి వచ్చినట్టుంది, గుమ్మం ముందు కాళ్ళు కడుక్కుంటోంది. మోచేతుల దాకా సిమెంటు.

“చిన్నమ్మాయ్! దారి తప్పావా?”

నిలబడే చెప్పాను. కూర్చుంటే చెప్పలేనని తెలుసు.

‘కవరుకి మూడేసి’ దగ్గరికి రాగానే ఆమె నవ్వు మొదలైంది. మొదట ఆపుకుంది, తర్వాత ఆగలేదు, దగ్గు వచ్చేదాకా నవ్వింది. “అయ్యో తల్లీ. నత్త కూడా అంత లెక్కగా పెట్టదే! కణుపు లోతున పెట్టావా?”

“నువ్వు చూపించినట్టే.”

“మంచి శిష్యురాలివి.” కళ్ళు తుడుచుకుంది. “అయినా ఫెర్న్ కుండీలో కుప్ప చూసి ఎరువని ఎలా అనుకున్నావు?”

ఇది చెప్పకుండా వదిలెయ్యొచ్చు. ఆమె అప్పటికే నవ్వేసింది.

“వానకి తొందరపడి నువ్వే గుమ్మరించేసి వెళ్ళావనుకున్నాను. పెద్దమ్మ తిడుతుందని, నీ తప్పు నేను సర్దుతున్నాననుకున్నాను.”

నవ్వు పోయింది.

“నేను గుమ్మరించానని.”

“ఊఁ.”

“ఒక్క గుళిక కింద పడితే వంగి ఏరేదాన్ని. చూశావుగా.”

“చూశాను.”

“మరి అడగొచ్చుగా. పొద్దున్నే వచ్చాను కదా. అక్కా, ఇవేంటి అని. నాలుగు మాటలు కూడా కాదు.”

ఆమె చెంబులో మిగిలిన నీళ్ళు మొక్కకి పోసింది.

“ఆ రోజు అమ్మగారు నిన్ను అడిగినప్పుడు, ఈ పిల్ల ఉందిలే అనుకున్నాను. తెలుసా?”

“తెలుసు.”

“ఇప్పుడు నీకు బరువు దిగిందా?”

నిజమే చెప్పాను. “కొంచెం దిగింది.”

“బాగుంది. తెచ్చి నా గుమ్మంలో దింపావు.” కోపంగా కాదు, అలసటగా అంది. “నాకు చెబితే నాకేం వస్తుంది అమ్మాయ్? నేను చెయ్యలేదని నాకు తెలీదా? తెలియనివాళ్ళకి చెప్పు.”

లోపలికి వెళ్ళింది. తలుపు వెయ్యలేదు. నేను కాసేపు నిలబడి వచ్చేశాను.

ఆగస్టు 19

తెలియనివాళ్ళు: స్కూలు మాస్టారు. బస్టాండు నర్సరీ ఆయన.

మాస్టారికి ఉత్తరం రాశాను. నాలుగు పేజీలు. చదివి చించేశాను. అందులో ‘దురదృష్టవశాత్తూ’ అనే మాట మూడుసార్లు ఉంది. మళ్ళీ రాశాను. తొమ్మిది వాక్యాలు. సంతకం పెట్టాను. పోస్టులో వెయ్యలేదు, స్కూలు గేటు దగ్గర ఆయన చేతికే ఇచ్చాను. అక్కడే నిలబడి చదివారు.

“ఆ చీటీలు రాసింది మీరేనా?” అన్నారు.

“అవునండీ.”

“చేతిరాత గుర్తుపట్టాను.” ఉత్తరం మడిచి జేబులో పెట్టుకున్నారు. “ఆ మట్టి కలిపే ఆవిడ గురించి నేను కూడా నలుగురితో అన్నాను. అనకుండా ఉండాల్సింది.”

ఆగస్టు 20

బస్టాండు నర్సరీ ముందు నుంచి రెండుసార్లు నడిచాను. లోపల మనుషులున్నారు. మూడోసారి బస్సెక్కి ఇంటికి వచ్చేశాను.

ఆగస్టు 21

వెళ్ళాను. కాగితం మీద రాసుకుని వెళ్ళాను. చెమటకి కాగితం తడిసిపోయింది.

లోపల ఐదుగురు. యజమాని కళ్ళజోడు నెత్తిన పెట్టుకుని ఎవరికో గులాబీ అంట్లు చూపిస్తున్నాడు.

“ఏం కావాలమ్మా?”

గొంతు రాలేదు. స్కూల్లో లాగే. ఐదుగురూ చూస్తున్నారు. ఇక్కడ రాయడానికి బోర్డు లేదు.

“ఏం మొక్క కావాలి?”

“నత్తల్ని నేనే పెట్టాను” అన్నాను. గట్టిగా వచ్చింది, అరిచినట్టు.

ఎవరో నవ్వారు. ఆయన కళ్ళజోడు కిందకి దించాడు. “మా నర్సరీలోనా?”

“కాదండీ. మా పెద్దమ్మ నర్సరీలో. స్కూలుకి వెళ్ళిన జీనియాల్లో. గుడ్లని ఎరువనుకుని నా చేత్తో కవరుకి మూడేసి వేశాను. మట్టి అక్క వెయ్యలేదు. ఆమె జల్లెడలోంచి ఆవగింజ తప్ప ఏమీ దిగదు. నేను రోజూ చూశాను.”

రోజూ చూశాను.

గులాబీ అంట్లు కొంటున్న ఆవిడ, “మూడేసా?” అంది.

“మూడేసండీ.”

యజమాని చేతిలో అంటు కింద పెట్టాడు. “ఇది చెప్పడానికే వచ్చావా?”

“అవునండీ.”

“ఇంకేం వద్దా?”

“వద్దండీ.”

ఆగస్టు 22

పెద్దమ్మకి తెలిసిపోయింది. మాట్లాడటం లేదు. నా కంచం ముందు గిన్నెలు పెట్టి వెళ్ళిపోతోంది, నేనే వడ్డించుకుంటున్నాను. మీగడ లేదు. ఇదే న్యాయంగా ఉంది.

పెదనాన్న మాత్రం వీధి గుమ్మంలో నా చెవి దగ్గర, “బస్టాండు దాకా వినిపించిందట ప్రసారం” అన్నాడు.

ఆగస్టు 25

పెద్దమ్మ అక్క ఇంటికి వెళ్ళింది. నాకు చెప్పకుండా, పొద్దున్నే, మంచి చీర కట్టుకుని. గంటలో తిరిగొచ్చింది. చెప్పులు విడుస్తూ, గోడతో మాట్లాడినట్టు, “రానంది” అంది.

కాసేపాగి, “బస్టాండువాళ్ళు నిన్ననే పిలిచారట. ‘మీ దగ్గర నన్ను నమ్మడానికి పద్నాలుగేళ్ళు పట్టింది, నమ్మకపోవడానికి ఒక్క పూట చాలింది’ అంది. ఏమనను?” అంది. వంటింట్లోకి వెళ్ళి, అక్కడి నుంచే అంది. “రేపటి నుంచి మట్టి నువ్వే జల్లించు.”

ఆగస్టు 26

జల్లెడ కొత్తది. తడి మట్టి నిజంగానే ఆడదు. అరచేతుల్లో బొబ్బలు. మధ్యాహ్నానికి పదకొండు కవర్లు. అక్క ఆ పాటికి వంద నింపేది.

జల్లించకుండా నింపెయ్యాలని రెండుసార్లు అనిపించింది. నింపలేదు.

సెప్టెంబరు 2

మట్టిలో తెల్ల గుండ్లు దొరికాయి. నాలుగు. పాత కవర్లు చింపి గుమ్మరించిన మట్టి అది. చెదురుగా ఉన్నాయి, కుప్పగా లేవు. ఒకటి నొక్కాను. చిట్లి నీళ్ళు వచ్చాయి. గుడ్డేనా? లోపల సుడి లేదు. పాత గుళికలు కరిగిపోయాక లోపల నీరు చేరుతుందని పుస్తకంలో ఉంది. వెలుతురుకి పట్టాను. ఏమీ తెలియలేదు. మిగతా మూడూ గుళికలే అని నూటికి తొంభై పాళ్ళు నమ్మకం.

తొంభై.

మూడింటినీ మందు డబ్బా మూతలో పెట్టి, తడి గుడ్డ కప్పి, బస్సెక్కాను.

మట్టి అక్క అక్కడ షెడ్డు వెనక కూర్చుని జల్లిస్తోంది. అదే జల్లెడ. నన్ను చూసింది, చెయ్యి ఆపలేదు. కూర్చోమనలేదు. నేను మూత ఆమె ముందు పట్టాను.

“అక్కా, ఇవేంటి?”

ఒక్కదాన్ని తీసి రెండు వేళ్ళ మధ్య దొర్లించింది. పగలగొట్టి పెంకు చూసింది. నాకూ చూపించింది. ఉల్లిపొర లాంటి తొడుగు, ఖాళీది.

“ఎరువు. పాతది. సారం పోయింది.”

“సరే అక్కా.”

మూత వెనక్కి ఇస్తూ, మొదటిసారి నా ముఖం చూసింది.

“ఎన్ని కవర్లలో వేశావు?”

“ఒక్కదాంట్లోనూ వెయ్యలేదు. ముందు అడుగుదామని వచ్చాను.”

అక్క జల్లెడ రెండుసార్లు ఆడించింది. తర్వాత కాలితో పక్కనున్న ఖాళీ డబ్బాని నా వైపు తోసింది, కూర్చోమని.